క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీ: ఫండింగ్ ఉన్న చోట్లకే అప్లై చేస్తున్నాను, సలహా కావాలి

వెన్నెల_నీడ · ఆగస్టు 11

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ఎంఏ సైకాలజీ అయ్యాక రెండేళ్లుగా ఒక స్కూల్లో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. పోయినేడాది అమెరికాలో తొమ్మిది క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ ప్రోగ్రాములకు అప్లై చేశాను. ఒక్క చోట నుంచి కూడా ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. జనవరి అంతా మెయిల్ తెరవాలంటేనే భయం వేసేది. ఫిబ్రవరి చివరికి తొమ్మిదీ తేలిపోయాయి.

మార్కులు బాగానే ఉన్నాయి. జీఆర్ఈ రాశాను. వందల మంది పిల్లలతో కూర్చుని మాట్లాడిన అనుభవం ఉంది. అప్పు చేసి చదివే పరిస్థితి ఇంట్లో లేదు కాబట్టి ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ రెండూ ఇచ్చే చోటికే వెళ్లగలను. ఈ డిసెంబర్ గడువులకు మళ్లీ ప్రయత్నించాలని ఉంది. పోయినసారి ఎక్కడ తప్పు జరిగిందో మాత్రం అర్థం కావడం లేదు. ఇంకో ఏడాది కూడా ఇలాగే పోతే తట్టుకోలేనేమో అనిపిస్తోంది. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

మూడోఏడు · ఆగస్టు 11

క్లినికల్ పీహెచ్‌డీలో మూడో ఏడాది చదువుతున్నాను. చెప్పే ముందు రెండు విషయాలు కావాలి. తొమ్మిది చోట్లనూ ఎలా ఎంచుకున్నారు? ఎస్ఓపీ (అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్) మొదటి పేరా ఏమని రాశారు? వీలైతే యథాతథంగా పెట్టండి.

వెన్నెల_నీడ · ఆగస్టు 11

ర్యాంకింగ్ చూసి ఎంచుకున్నానండి. ఒక్కో చోట వెబ్‌సైట్‌లో నచ్చిన ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు రాశాను. మొదటి పేరా ఇది:

"చిన్నప్పటి నుంచి నా స్నేహితులు తమ బాధలన్నీ నాతోనే చెప్పుకునేవారు. ఎదుటివారి కన్నీళ్లు తుడవడంలో ఉన్న తృప్తి నాకు మరెందులోనూ దొరకలేదు. అందుకే క్లినికల్ సైకాలజిస్ట్ కావాలన్నది నా జీవితాశయం."

మూడోఏడు · ఆగస్టు 12

వెన్నెల గారూ, మీరు రాసింది నిజమేనని నాకు తెలుసు. నా మొదటి ఎస్ఓపీ కూడా దాదాపు ఇలాగే ఉండేది. కానీ ఆ పేరా చదివిన ప్రొఫెసర్‌కి మీరు మంచి మనిషి అని మాత్రమే తెలుస్తుంది. ఆమె వెతికేది ఇంకొకటి.

ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీల్లో చాలా భాగం మెంటార్ పద్ధతిలో నడుస్తాయి. ఆఫర్ లెటర్ మీద పేరు యూనివర్సిటీదే అయినా, మిమ్మల్ని ఎంచుకునేది ఒక ప్రొఫెసర్. ఆవిడ ఏడాదికి ఒకరిని తీసుకుంటుంది. కొన్నేళ్లు అసలు ఎవరినీ తీసుకోదు. ఐదారేళ్లు తన ల్యాబ్‌లో, తన ప్రశ్నల మీద పనిచేసే మనిషి ఎవరా అని చూస్తుంది. మీ ట్యూషన్, స్టైపెండ్ వచ్చేది రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ నుంచో, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ నుంచో. అంటే ఇది సగం చదువు, సగం ఉద్యోగం. ఉద్యోగానికి వచ్చిన అప్లికేషన్ చదివినట్టే చదువుతారు.

మూడు వందల పైచిలుకు అప్లికేషన్లకు ఆరో ఎనిమిదో సీట్లు ఉండే ప్రోగ్రాములు మామూలే. అంత రద్దీలో ఒకే అప్లికేషన్‌లో డిప్రెషన్ మీద పనిచేసే ఒకరు, ఆటిజం మీద ఒకరు, వృద్ధుల జ్ఞాపకశక్తి మీద ఒకరు కనిపిస్తే, ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికీ మీరు తమ మనిషి అనిపించరు. ఇద్దరి పేర్లు రాయవచ్చు, కానీ ఇద్దరి పనీ ఒకే దారిలో ఉండాలి.

ర్యాంకింగ్ పక్కన పెట్టేయండి. ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. ఆ ప్రశ్న మీద ఈ మూడు నాలుగేళ్లలో పేపర్లు రాస్తున్నది ఎవరో వెతకండి. వాళ్లు ఏ యూనివర్సిటీలో ఉంటే అదే మీ లిస్ట్. ఆగస్టు, సెప్టెంబర్లలో చాలామంది తమ పేజీలోనే ఈ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారో లేదో రాస్తారు. అది చూడకుండా ఫీజు కట్టొద్దు. పోయినేడాది మీ తొమ్మిదింటిలో అసలు సీటే లేని ల్యాబులు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

వెన్నెల_నీడ · ఆగస్టు 12

ఇప్పుడే పాత లిస్ట్ తీసి చూశాను. నాలుగు చోట్ల నేను మొదటి పేరుగా రాసిన ప్రొఫెసర్ ఆ ఏడాది ఎవరినీ తీసుకోవడం లేదని వాళ్ల పేజీలోనే ఉంది. నేను ఆ పేజీ తెరవనే లేదు. ఏడుపొస్తోంది.

పాతకాపు · ఆగస్టు 13

బాధపడకమ్మా. ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? నేను కౌన్సెలింగ్ సైకాలజీలో పీహెచ్‌డీ చేసి, లైసెన్స్ తీసుకుని చాలా ఏళ్లయింది. నువ్వు క్లినికల్ అనే మాట ఒక్కటే పట్టుకుని కౌన్సెలింగ్ వైపు చూడలేదు. మన పిల్లల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

అమెరికాలో రెండింటికీ ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉంటుంది. రెండూ పూర్తి చేసినవాళ్లు ఈపీపీపీ అనే ఒకే లైసెన్స్ పరీక్ష రాసి, ఒకే సైకాలజిస్ట్ లైసెన్స్ తీసుకుంటారు. చికిత్స చేసే హక్కులో, హోదాలో చట్టం దృష్టిలో తేడా ఏమీ లేదు. తేడా అంతా పరిశోధన ఎటు మొగ్గుతుందన్న దాంట్లో ఉంది. క్లినికల్‌లో తీవ్రమైన మానసిక రుగ్మతలు, వాటి చికిత్సలు, మెదడు వైపు పని ఎక్కువ. కౌన్సెలింగ్‌లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం, కెరీర్, కుటుంబం, సంస్కృతి, వలస వచ్చినవాళ్ల ఇబ్బందులు, సహాయం అడగడానికి జనం ఎందుకు వెనకాడతారు లాంటి ప్రశ్నలు ఎక్కువ. చాలా చోట్ల ఇవి సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో కాక ఎడ్యుకేషన్ స్కూల్లో ఉంటాయి. విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో అలాగే. అందుకే సైకాలజీ పేజీలు మాత్రమే తిరగేసేవాళ్లకు కనపడవు.

స్కూల్లో రెండేళ్లు పిల్లలతో కూర్చున్నదానివి. నీ మనసులో తిరిగే ప్రశ్న ఇటువైపుదే అయి ఉండొచ్చు. ఇది తేలిగ్గా సీటు దొరికే దొడ్డిదారి అనుకోకు. ఇక్కడా పోటీ తక్కువేం కాదు.

అక్షరమాల · ఆగస్టు 13

నేనూ ఈ ఏడాదే అప్లై చేస్తున్నాను, కౌన్సెలింగ్‌కి. పాతకాపు గారూ, సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ డిగ్రీ) సంగతి ఏమిటి? పరిశోధన తక్కువ, చికిత్స నేర్పడం ఎక్కువ అంటున్నారు. నాకు నచ్చేది అదే.

పాతకాపు · ఆగస్టు 14

సైడీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే డబ్బు సంగతి దానంతటదే అర్థమవుతుంది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశంలో సైకాలజిస్ట్ అంటే శాస్త్రవేత్తా, చికిత్సకుడూ రెండూ అయి ఉండాలని తీర్మానించారు. పీహెచ్‌డీ నడిచేది ఆ దారిలోనే. 1973లో అదే రాష్ట్రంలోని వేల్ అనే ఊళ్లో జరిగిన సమావేశం, చికిత్సే ప్రధానంగా ఉండే సైడీ డిగ్రీకి బలం ఇచ్చింది. పీహెచ్‌డీ విద్యార్థి ల్యాబ్‌లో, క్లాసులో పనిచేస్తాడు కాబట్టి యూనివర్సిటీ అతనికి డబ్బిస్తుంది. సైడీలో బ్యాచులు పెద్దవి, అలాంటి పనులు తక్కువ. అందుకని ఎక్కువ చోట్ల ఖర్చు విద్యార్థి మీదే పడుతుంది. బేలర్ యూనివర్సిటీలో లాంటి ఫండింగ్ ఉన్న సైడీలు ఉన్నాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిగ్రీ మంచిదే, లైసెన్స్ కూడా అదే. ఇక్కడి పౌరులకు దొరికే ఫెడరల్ స్టూడెంట్ లోన్లు మన వీసా పిల్లలకు ఉండవు. లక్ష డాలర్ల పైన అప్పు భుజాన వేసుకుని మొదలుపెట్టడం నా పిల్లలకైతే నేను చెప్పను.

ఇంకో మాట. ఏ ప్రోగ్రాం గురించి ఎవరు ఏం చెప్పినా, ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రాం తన వెబ్‌సైట్‌లో ఒక గణాంకాల పట్టిక పెట్టి తీరాలి. విద్యార్థుల ప్రవేశాలు, ఫలితాలు అనే పేరుతో ఉంటుంది. డిగ్రీకి ఎన్నేళ్లు పట్టింది, ఖర్చు ఎంత, ఎంతమంది మధ్యలో వదిలేశారు, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎంతమందికి లైసెన్స్ వచ్చింది, అన్నీ అందులోనే. బ్రోషర్‌లో నవ్వే ఫొటోల కంటే ఆ పట్టిక విలువైనది. ఎనిమిది మంది చేరిన బ్యాచ్‌లో ముగ్గురు వెళ్లిపోయారని కనిపిస్తే, ఎందుకని ఇంటర్వ్యూలో విద్యార్థుల్ని అడుగు.

తూనీగ · ఆగస్టు 16

రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. వెన్నెల గారూ, మీ మొదటి పోస్ట్‌లో పరిశోధన అన్న మాటే లేదు. ఎంఏలో డిసర్టేషన్ చేశారా?

వెన్నెల_నీడ · ఆగస్టు 16

చేశాను. పరీక్షల ఆందోళన మీద, 120 మంది విద్యార్థులతో సర్వే. ఎస్ఓపీలో చివర్లో ఒక్క వాక్యం రాశాను. నిజానికి ఇప్పుడు నన్ను వెంటాడే ప్రశ్న వేరే ఉంది. "ఇంట్లో చెప్పరు కదా మేడం" అని అడిగి, నేను జవాబు చెప్పే తీరు చూసి, అప్పుడు లోపలికి రావాలో వద్దో నిర్ణయించుకునే పిల్లలు చాలామంది. ఒకమ్మాయి మూడుసార్లు తలుపు దాకా వచ్చి వెళ్లిపోయింది. నాలుగోసారి కూర్చుంది. మొదటి మూడుసార్లూ ఏం ఆపింది, నాలుగోసారి ఏం మారింది అన్నది నాకు తెలుసుకోవాలని ఉంది. రెండేళ్ల రికార్డులు నా దగ్గరున్నాయి, వాటితో ఏమైనా చేయొచ్చా?

తూనీగ · ఆగస్టు 17

ముందుగా రికార్డుల సంగతి: ముట్టుకోవద్దు. పిల్లలు మీ దగ్గరికి సహాయం కోసం వచ్చారు, పరిశోధన కోసం కాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఆ కాగితాలతో విశ్లేషణ చేస్తే తప్పు. ఎస్ఓపీలో ఆ మాట కనిపిస్తే అడ్మిషన్ కమిటీ అక్కడే ఆగిపోతుంది. ఆ అమ్మాయి గురించి రాసినా, గుర్తుపట్టే వివరం ఒక్కటి కూడా ఉండకూడదు.

కానీ మీరు ఇప్పుడు రాసిన నాలుగు వాక్యాలున్నాయే, అవే మీ ఎస్ఓపీ. గోప్యత మీద నమ్మకం, కుటుంబం, సహాయం అడగడం. దీని మీద పనిచేసే ల్యాబులు కౌన్సెలింగ్ ప్రోగ్రాముల్లోనూ, క్లినికల్ చైల్డ్ వైపూ ఉన్నాయి.

ఈ మూడు నెలల్లో చేయగలిగినవి చెప్తాను. మీ 120 మంది డేటాను మళ్లీ తీసి, గైడ్‌తో మాట్లాడి, ఒక కాన్ఫరెన్స్ పోస్టర్‌కి పంపండి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులోనే విశ్లేషణ మళ్లీ చేయండి. ఫలానా మోడల్ నేనే నడిపాను అని చెప్పగలిగితే చాలా తేడా ఉంటుంది. అమెరికా కౌమారుల మీద యాడ్ హెల్త్ అనే పెద్ద అధ్యయనం ఉంది, దాని పబ్లిక్ డేటా ఎవరైనా వాడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో సహాయకులను తీసుకునే ల్యాబులకు రాయండి. పది రాస్తే ఒకటి జవాబొస్తుంది, ఆ ఒక్కటి చాలు. రెకమెండేషన్ మూడు కావాలి. అందులో కనీసం రెండు మీరు పరిశోధన చేయడం కళ్లారా చూసినవాళ్లు రాయాలి. స్కూల్ ప్రిన్సిపాల్ రాసే లెటర్ ఎంత ఆప్యాయంగా ఉన్నా దీనికి పనికిరాదు.

అక్షరమాల · సెప్టెంబర్ 2

ఒక విషయం అడగాలి, రాయాలా వద్దా అని వారం నుంచి తేల్చుకోలేకపోతున్నాను. నాకు డిగ్రీలో డిప్రెషన్ వచ్చింది. థెరపీ వల్లే బయటపడ్డాను. ఈ రంగంలోకి రావడానికి అదే కారణం. అది రాయొద్దని అందరూ అంటున్నారు. మానసిక ఆరోగ్యం గురించి సిగ్గుపడొద్దని లోకానికి చెప్పాల్సిన మనమే దాచుకోవాలా?

పాతకాపు · సెప్టెంబర్ 3

తల్లీ, నీ ప్రశ్న న్యాయమైనది. నిజం చెప్పాలంటే ఈ విషయంలో మా రంగం తను చెప్పే మాటకు తను కట్టుబడి లేదు, అది నాకు బాధే. 2006లో డ్రూ ఆపిల్‌బీ, కరెన్ ఆపిల్‌బీ ఒక పేపర్ వేశారు. సైకాలజీ అడ్మిషన్ కమిటీల అధ్యక్షులను, మంచి అప్లికేషన్‌ను కూడా చంపేసే తప్పులేమిటని అడిగారు. సొంత మానసిక సమస్యల గురించి అతిగా రాసుకోవడం అందులో ఉంది. బలహీనమైన రెకమెండేషన్లు, ప్రోగ్రాం గురించి ఏమీ తెలుసుకోకుండా రాయడం, భాష తప్పులు, మెప్పించాలని చేసి బెడిసికొట్టే ప్రయత్నాలు కూడా ఉన్నాయి.

అందుకని నా సలహా ఇది. ఆ అనుభవం నిన్ను ఏ ప్రశ్న దగ్గరికి తీసుకొచ్చిందో, ఆ ప్రశ్న రాయి. అనుభవం నీది, దాన్ని ముక్కూమొహం తెలియని కమిటీ చేతిలో పెట్టాల్సిన అవసరం నీకు లేదు. దాచుకోవడం వేరు, ఎవరికి ఎప్పుడు చెప్పాలో నువ్వే నిర్ణయించుకోవడం వేరు. మన దగ్గరికి వచ్చేవాళ్లకు మనం ఇచ్చే హక్కే అది.

అక్షరమాల · సెప్టెంబర్ 3

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. థాంక్యూ అండీ. మార్చి రాస్తాను.

వానచినుకు · సెప్టెంబర్ 20

వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద రెండో ఏడాది పీహెచ్‌డీలో ఉన్నాను. చేరాక తెలిసి చాలా టెన్షన్ పడ్డాను, మీకు ముందే తెలియాలి.

పీహెచ్‌డీ చివర్లో ఒక ఏడాది ఫుల్‌టైం ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. విద్యార్థులను ఇంటర్న్‌షిప్ చోట్లతో జతచేసే, ఆప్పిక్ అనే సంస్థ నడిపే మ్యాచ్ ద్వారా దేశంలో ఎక్కడైనా రావచ్చు. సైకాలజిస్టులకు అందరికంటే ఎక్కువగా శిక్షణ ఇచ్చే సంస్థ అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ, అంటే వీఏ. అక్కడ ఇంటర్న్‌షిప్‌కి అమెరికా పౌరసత్వం ఉండాలి. అంటే మనకు ఆ తలుపు మూసే ఉంటుంది. ఎన్‌ఐహెచ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకే. ఇంకా, క్యాంపస్ బయట శిక్షణకు సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి కావాలి. ఫుల్‌టైం సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి పోతుంది. ఇంటర్న్‌షిప్ సరిగ్గా ఏడాది కాబట్టి తేదీల విషయంలో ఇంటర్నేషనల్ ఆఫీసుతో చాలా ముందే మాట్లాడుకోవాలి.

దీని వల్ల వెనక్కి తగ్గమని కాదు. మీరు చూస్తున్న ప్రోగ్రాంలో ఇంతకు ముందు వీసా మీద వచ్చినవాళ్లు ఉన్నారా, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, ఈ రెండూ కనుక్కోండి.

మూడోఏడు · సెప్టెంబర్ 21

మంచి పాయింట్. నాది ఇంకొకటి. 2025లో ఫెడరల్ పరిశోధన నిధుల కోతలు వచ్చినప్పుడు కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. కాబట్టి ప్రొఫెసర్ పేజీలో తీసుకుంటున్నాం అని ఉన్నా, ఒక చిన్న మెయిల్ పెట్టి ఖాయం చేసుకోండి. నాలుగైదు వాక్యాలు చాలు: మీరెవరు, మీ ప్రశ్న ఏమిటి, వాళ్ల ఏ పేపర్‌తో అది కలుస్తుంది, ఈ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా. సీవీ జతచేయండి. జవాబు రాకపోతే అవమానం అనుకోవద్దు.

వెన్నెల_నీడ · అక్టోబర్ 18

పదమూడు మందికి రాశాను. ఆరుగురు జవాబిచ్చారు, అందులో నలుగురు తీసుకుంటున్నారట. లిస్ట్ ఇప్పుడు పదకొండు: ఏడు కౌన్సెలింగ్, నాలుగు క్లినికల్. ఎక్కువ చోట్ల గడువు డిసెంబర్ 1. కొన్ని చోట్ల జీఆర్ఈ అడగడమే లేదు. మూడు చోట్ల ఫీజు మాఫీ అడిగితే ఇచ్చారు, అడగొచ్చని కూడా పోయినేడాది నాకు తెలియదు. కొత్త మొదటి పేరా ఇది:

"నేను పనిచేసే పాఠశాలలో విద్యార్థులు కౌన్సెలర్‌ను కలిసే ముందు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఇంట్లో తెలుస్తుందా? గోప్యత గురించి ముందే స్పష్టంగా చెబితే కౌమారులు సహాయం కోరే అవకాశం పెరుగుతుందా, తల్లిదండ్రులతో ఉన్న సంబంధాన్ని బట్టి ఆ ప్రభావం మారుతుందా అన్నది నేను పరిశోధించదలచిన అంశం."

మూడోఏడు · అక్టోబర్ 18

ఇదీ! రెండో పేరాలోనే మీ 120 మంది అధ్యయనం రావాలి. ఏం చేశారు, ఏం తేలింది, ఏం తేలలేదు. ఆ తేలని చోటు నుంచి ప్రొఫెసర్ పని దగ్గరికి వెళ్లండి. శనివారంలోగా మొత్తం పంపితే చదివి పెడతాను.

వెన్నెల_నీడ · జనవరి 14

రెండు ఇంటర్వ్యూలు!! రెండూ కౌన్సెలింగ్, రెండూ జూమ్‌లో. పొద్దున మెయిల్ చూసి అమ్మను నిద్రలేపాను. ఎలా సిద్ధం కావాలి?

వానచినుకు · జనవరి 15

అభినందనలు అక్కా! ప్రొఫెసర్ తప్పకుండా అడిగేది ఒకటుంటుంది: మా ల్యాబ్‌కి వస్తే మొదటి ప్రాజెక్ట్ ఏం చేస్తావు? డిజైన్‌తో సహా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఎక్కడా సీటు రాకపోతే ఏం చేస్తావని కూడా అడగొచ్చు. విద్యార్థులతో విడిగా మాట్లాడే సమయం ఇస్తారు. అది కూడా ఇంటర్వ్యూయే. అక్కడే డబ్బు గురించి అడగండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా? వేసవిలో ఎలా గడుస్తోంది? హెల్త్ ఇన్సూరెన్స్, ఫీజులు ఎవరు కడతారు? ఎన్నేళ్ల వరకు హామీ? ఏడాదికి 20 వేల డాలర్లు ఇచ్చే చోటూ ఉంది, 35 వేలు ఇచ్చే చోటూ ఉంది. కానీ ఊరి అద్దె తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

వెన్నెల_నీడ · మార్చి 6

ఒక చోట రాలేదు. రెండో చోట మొదటి ఆల్టర్నేట్‌ని. ఆ ప్రొఫెసర్ స్వయంగా ఫోన్ చేసి, నా ప్రాజెక్ట్ ఆలోచన ఆమెకు బాగా నచ్చిందని, ఆఫర్ ఇచ్చిన విద్యార్థి జవాబు కోసం ఎదురుచూస్తున్నామని చెప్పారు. ఇప్పుడు నేనేం చేయాలి?

పాతకాపు · మార్చి 6

వెంటనే ఒక మెయిల్ రాయి: సీటు ఖాళీ అయితే తప్పకుండా వస్తానని. అది నిజమైతేనే రాయి. తర్వాత ఆగడమే. చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టవు, అందుకే ఆఖరి వారంలో చాలా సీట్లు కదులుతాయి. ఇది చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా రెండు మూడు ఆఫర్లు ఉంటే, వెళ్లనని ఖాయమైన చోటిని ఆ రోజే వదిలేయండి. మీరు పట్టుకుని కూర్చున్న ప్రతి సీటు వెనకా వెన్నెల లాంటి అమ్మాయి ఒకరు ఉంటారు.

అక్షరమాల · మార్చి 7

నాకు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఎంచుకున్నానని పది రోజుల క్రితమే నాకు తెలుసు. రెండోది వదులుకోవాలంటే మనసొప్పక ఊరికే ఉంచుకున్నాను. వెన్నెల అక్కా, అది మీరు చెప్పిన చోటు కాదు. అయినా అక్కడ కూడా ఎవరో ఫోన్ దగ్గరే కూర్చుని ఉంటారు.

ఇప్పుడే రాలేనని మెయిల్ పెట్టాను.

వెన్నెల_నీడ · మార్చి 7

థాంక్యూ అక్షరా. ఆ ఎవరో తరఫున కూడా.